మచ్చేది? మరకేది?

మీ కంప్యూటర్‌లో ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది కదా? ఎన్నిసార్లు తెరిచారు? ఎడమపక్కన నిలువుగా ఉన్న ఆ పనిముట్ల వరస చూసి, నాలుగు నొక్కులు నొక్కి, మూసేసి యూట్యూబ్‌లోకి వెళ్లిపోయిన రోజులెన్ని? అక్కడ ఒకాయన పది నిమిషాల్లో ఎడారి మధ్య ఓడను నిలబెడతాడు. బాగుందనుకుంటాం. తెల్లారేసరికి ఏ బటన్ తర్వాత ఏది నొక్కాడో గుర్తుండదు.

మీకు బుర్ర లేక కాదు. ఆ ఓడతో మీకు పనిలేక.

ఈ అధ్యాయంలో ఓడలు లేవు. మీ ఇంట్లో బీరువా అడుగు అరలో, పాత శుభలేఖల కిందో, ఎల్‌ఐసీ బాండ్ల సంచిలోనో ఒక ఫోటో ఉంటుంది. అంచులు చిరిగి, పసుపెక్కి, మధ్యలో మడత పడిన నలుపు తెలుపు ఫోటో. దాన్ని బయటికి తీయండి. ఆ ఒక్క ఫోటోను బాగుచేసే పనిలో లేయర్లు, మాస్కులు, లెవెల్స్, రంగులు, అక్షరాలు, ప్రింటు అన్నీ వాటంతటవే తగులుతాయి. పైగా దానికోసం ఎదురుచూసే మనిషి ఒకరు ఇంట్లో ఉంటారు. "ఏమైంది రా ఆ ఫోటో?" అని అన్నం దగ్గర అడిగేవాళ్లుంటే పని సగంలో ఆగదు.

1. ఏ సాఫ్ట్‌వేర్ అన్నది పది నిమిషాల్లో తేల్చేయండి

ఫోటోషాప్ 1990 నుంచి ఉంది. ఇప్పుడు నెలనెలా చందా కట్టి వాడుకోవాలి. కట్టగలిగితే మంచిదే. లేదంటే గింప్ ఉంది. బర్క్‌లీలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు 1995లో మొదలుపెట్టిన ప్రోగ్రాం. ఇవాళ్టికీ ఉచితమే. ఏదీ ఇన్‌స్టాల్ చేయలేని పాత కంప్యూటరైతే బ్రౌజర్‌లోనే నడిచే ఫోటోపీ ఉంది, ఫోటోషాప్ ఫైళ్లు కూడా తెరుస్తుంది. బొమ్మలు గీయాలనే సరదా ఉంటే తర్వాతెప్పుడైనా క్రిటా చూడండి, అదీ ఉచితమే.

పెన్‌డ్రైవ్‌లో ఎవరో తెచ్చిచ్చే "క్రాక్" జోలికి మాత్రం పోకండి. ఫోటోతోపాటు వైరస్‌నూ సాకాల్సి వస్తుంది.

"ఏది బెస్టు?" అని మూడు వారాలు వెతికేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు వెతికేది సాఫ్ట్‌వేర్ కోసం కాదు, మొదలుపెట్టకుండా ఉండటానికి ఒక సాకు కోసం. ఈ అధ్యాయంలో చెప్పే పనులన్నీ గింప్‌లోనూ అవుతాయి, ఫోటోషాప్‌లోనూ అవుతాయి. పేర్లు కొంచెం అటూ ఇటూ, అంతే.

2. స్కానింగ్ దగ్గర పిసినారితనం వద్దు

ఒక పరిస్థితి చెబుతాను, మీకూ తెలిసిందే. ఇంట్లో పెద్దాయన పోతారు. పెద్దకర్మ నాటికి దండ వేయడానికి ఫోటో కావాలి. ఎప్పుడూ ఒక్కరే నిలబడి దిగిన ఫోటో ఉండదు. ఏదో పెళ్లి గ్రూపు ఫోటోలో మూడో వరసలో ఉన్న తలను వాట్సాప్‌లో స్టూడియోకి పంపుతారు. తీరా ఫ్రేము కట్టించి తెస్తే ముఖమంతా గళ్లు గళ్లు. స్టూడియో అబ్బాయిని తిడతారు. పాపం, వాడికి అందిన ముఖం అగ్గిపెట్టె మీది బొమ్మంత కూడా లేదు.

లెక్క చాలా తేలిక. మంచి ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. 4×6 అంగుళాల ఫోటోను 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. దాన్ని 300తో భాగించండి: 8×12 అంగుళాల ప్రింటు వస్తుంది. అంటే అసలు ఫోటోకి రెండింతలు. మీ దగ్గరున్నది అరచేతిలో పట్టే 2×3 ఫోటో అయితే 1200 డీపీఐ పెట్టండి. ఫైలును జేపెగ్‌లో కాకుండా టిఫ్‌లోనో పీఎన్‌జీలోనో దాచుకోండి. జేపెగ్ మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా అరుగుతుంది.

నలుపు తెలుపు ఫోటోనైనా సరే, కలర్‌లోనే స్కాన్ చేయండి. ఎందుకంటారా? పసుపెక్కిన మరక నీలం వెలుతురును మింగేస్తుంది, ఎరుపును వదిలేస్తుంది. స్కాన్ చేసిన ఫోటోను ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లుగా విడదీసి చూడండి. గింప్‌లో కలర్స్ మెనూలో కాంపొనెంట్స్, అందులో డీకంపోజ్ ఉంటుంది. ఫోటోషాప్‌లో ఛానెల్స్ ప్యానెల్ ఉంటుంది. నీలం ఛానెల్‌లో మసిబొట్లలా కనిపించే మరకలు ఎరుపు ఛానెల్‌లో దాదాపు మాయమైపోతాయి. ఆ ఎరుపు ఛానెల్‌నే నలుపు తెలుపు ఫోటోగా తీసుకుంటే, చెయ్యి కదపకుండానే సగం పని అయిపోయినట్టే. మొదటిసారి ఇది చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి ఇంట్లోవాళ్లందర్నీ పిలిచాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

స్కానర్ లేదా? ఫోన్‌తో తీయండి. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా, ఫోన్ ఫోటోకి సరిగ్గా సమాంతరంగా ఉండేట్టు చూసుకోండి. ఫ్రేములోంచి తీస్తే మంచిది. కానీ ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం పీకవద్దు. ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతోనే తీసి, మెరుపు పడకుండా కోణం మార్చి చూసుకోండి.

3. అసలు ఫైలు మీద చెయ్యి వేయకండి

స్కాన్ ఫైలు ఒకటి, మీరు పనిచేసే ఫైలు వేరొకటి. పేర్లలోనే ఆ తేడా పెట్టండి: "అమ్మమ్మ-స్కాన్", "అమ్మమ్మ-పని". పని ఫైలు తెరవగానే మొదట చేయాల్సింది లేయర్‌కి నకలు తీయడం. ఫోటోషాప్‌లో కంట్రోల్-జె, గింప్‌లో షిఫ్ట్-కంట్రోల్-డి. అడుగున ఉన్న లేయర్‌కి తాళం బొమ్మ నొక్కి వదిలేయండి.

లేయర్ అంటే ఫోటో మీద పరిచిన ట్రేసింగ్ పేపర్ అనుకోండి. దానిమీద ఎంత గీసినా కింద ఫోటో చెక్కుచెదరదు. పేపర్ తీసేస్తే మళ్లీ మొదటికి. ఈ సౌకర్యం ఫోటోషాప్‌లో 1994లో 3.0 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు నాలుగేళ్లూ దానిమీద పనిచేసినవాళ్లు ఉన్న ఒక్క బొమ్మ మీదే గీసేవాళ్లు. వాళ్ల గుండె ధైర్యానికి దండం పెట్టాలి.

ఇది అందరికీ తెలిసిన సలహాలా ఉంది కదూ? నాకూ అలాగే అనిపించింది. ఆ కథ కొంచెం కిందికి వెళ్లాక చెబుతాను.

4. మరకల కంటే ముందు వెలుగు నీడలు

కొత్తవాళ్లు ఫోటో తెరవగానే మచ్చల మీద పడతారు. ఆగండి. వెలిసిపోయిన ఫోటోలో ఏది మచ్చో ఏది నీడో తెలియదు. ముందు లెవెల్స్ తెరవండి. అక్కడ కొండలా ఒక గ్రాఫ్ కనిపిస్తుంది. ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు. వెలిసిన ఫోటోలో ఆ కొండ మధ్యలోనే కుప్పపడి, రెండు పక్కలా ఖాళీ ఉంటుంది. ఫోటోలో నిజమైన నలుపు లేదు, నిజమైన తెలుపూ లేదు, అంతా బూడిద అన్నమాట. ఎడమ పిడిని కొండ మొదలయ్యే చోటికి, కుడి పిడిని కొండ ముగిసే చోటికి జరపండి. ముప్ఫై ఏళ్ల దుమ్ము ఒక్కసారి తుడిచినట్టు ఉంటుంది.

ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది. బాగా కనిపిస్తోంది కదా అని ఇంకా ఇంకా జరపడం. కాసేపటికి జుట్టు తారు పూసినట్టు, పంచె సున్నం కొట్టినట్టు తయారవుతుంది. నేను పెట్టుకున్న పరీక్ష ఇది: తెల్ల పంచెలో మడతలు కనిపించాలి, నల్ల జుట్టులో పాపిడి పక్కన పాయలు కనిపించాలి. రెంటిలో ఏది పోయినా వెనక్కి రండి.

ముఖం ఒక్కటే చీకట్లో ఉంటే డాడ్జ్, బర్న్ అనే పనిముట్లున్నాయి. డాడ్జ్ వెలుగునిస్తుంది, బర్న్ ముదురు చేస్తుంది. ఫోటోషాప్‌లో వాటి గుర్తులు ఎప్పుడైనా గమనించారా? ఒకటి పుల్లకి గుచ్చిన బిళ్ల, రెండోది ముడిచిన చెయ్యి. డార్క్‌రూమ్‌లో ప్రింటు వేసేటప్పుడు తీగకి కట్టిన అట్టముక్క అడ్డం పెట్టి ఒకచోట వెలుతురు తగ్గించేవాళ్లు, అక్కడ ప్రింటు తేలిగ్గా వచ్చేది. చేతుల మధ్య సందులోంచి ఇంకోచోట ఎక్కువ వెలుతురు పడనిచ్చేవాళ్లు, అక్కడ ముదిరేది. మీ ఊళ్లో పాత స్టూడియో నడిపిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఒక సాయంత్రం వెళ్లి కూర్చోండి. నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ముఖాలు దిద్దిన చేతులవి. ఏ పాఠంలోనూ లేనివి చెబుతారు.

5. మచ్చేది, మరకేది?

ఇప్పుడు బ్రష్షు పట్టుకునే వేళ. రెండు పనిముట్లు చాలు: హీల్, క్లోన్.

క్లోన్ ఒకచోటి ముక్కను ఉన్నదున్నట్టు తెచ్చి ఇంకోచోట అతికిస్తుంది. హీల్ కొంచెం తెలివైనది. తెచ్చిన చోటి నుంచి గరుకుదనాన్ని తీసుకుని, అతికించే చోటి వెలుగుకి తగ్గట్టు కలిపేస్తుంది. అందుకే చెంప మీదో గోడ మీదో పడిన దుమ్ముకి హీల్ బాగుంటుంది. చీర అంచు, మీసం, కళ్లజోడు ఫ్రేము లాంటి గట్టి గీతల పక్కన హీల్ వాడితే నలుపూ తెలుపూ కలిసి అలుక్కుపోతుంది. అక్కడ క్లోన్ వాడండి. ఎక్కడి నుంచి తేవాలో చూపించడానికి గింప్‌లో కంట్రోల్ నొక్కి క్లిక్ చేయాలి, ఫోటోషాప్‌లో ఆల్ట్ నొక్కి. బ్రష్షు మచ్చ కంటే పిసరంత పెద్దగా ఉంటే చాలు. ప్రతిసారీ ఒకేచోటి నుంచి తెస్తే గోడ మీద ఒకే మరక పదిసార్లు పడి వాల్‌పేపర్‌లా కనిపిస్తుంది, చోటు మారుస్తుండండి.

ఈ పనంతా ఒక ఖాళీ లేయర్ మీద చేయండి. పనిముట్టు ఆప్షన్లలో గింప్‌లో 'శాంపిల్ మెర్జ్‌డ్', ఫోటోషాప్‌లో 'కరెంట్ అండ్ బిలో' పెట్టుకుంటే కింద ఫోటో నుంచి తీసుకుని పై లేయర్ మీద అతికిస్తుంది.

ఇక నా కథ. మా అమ్మమ్మది ఒకే ఒక్క స్టూడియో ఫోటో. వెనక స్టూడియో ముద్ర సగం చెరిగిపోయి, ఏ సంవత్సరమో తెలియదు. తెనాలి దగ్గర పల్లెలో ఉన్న చిన్నమ్మమ్మ దగ్గర్నుంచి తెచ్చి, స్కాన్ చేసి, ఫోటో ఆవిడకి వెనక్కి పంపేశాను. రెండు రాత్రులు కూర్చున్నాను. ముఖం నిండా సన్నటి చుక్కలు. ఒక్కోటీ హీల్‌తో తుడిచాను. రెండో రాత్రి ఒంటిగంటకి చెంపలు గాజుబొమ్మలా నున్నగా తేలాయి. మురిసిపోయి, ఉన్న ఒక్క స్కాన్ ఫైలు మీదే సేవ్ కొట్టి, ఎనిమిది పన్నెండు ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి తీసుకెళ్లాను.

చిన్నమ్మమ్మ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఎవర్రా ఈవిడ?"

"అమ్మమ్మే చిన్నమ్మమ్మా."

"మా అక్క మొహం నాకు తెలీదా? అక్కకి అయిదో ఏట అమ్మవారు పోసింది. ఆ మచ్చలేవీ?"

1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు. ఆ మచ్చలున్న ముఖాలు మా ఈడువాళ్లం చూసింది తక్కువ. నాకు అవి దుమ్ములా కనిపించాయి. ఆవిడకి అదే అక్క ముఖం. వెనక్కి తీసుకెళ్లి సరిచేస్తానన్నాను కానీ సరిచేయడానికి నా దగ్గర ఏముంది? స్కాన్ మీదే సేవ్ కొట్టాను కదా. మళ్లీ ఆ పాత ఫోటో అడిగి తెచ్చుకుని, మొదటి నుంచి మొదలుపెట్టాను.

ఈసారి తుడిచే ముందు చూడటం నేర్చుకున్నాను. మీకూ చెబుతాను, చాలా తేలిక. ఫోటోను నూరు శాతం జూమ్‌లో పెట్టండి. దుమ్ము, గీత, బూజు ఇవన్నీ ఫోటో కాగితం పైన ఉన్నవి. వాటికి నీడ ఉండదు, అంచు కత్తిరించినట్టు ఉంటుంది, చెంప దాటి జుట్టు మీదికీ గోడ మీదికీ పోతాయి. ఒంటి మీది మచ్చకి వెలుగు నీడలుంటాయి. దీపం ఎడమ నుంచి పడితే మచ్చ గుంట ఎడమ అంచు నల్లగా, కుడి అంచు తెల్లగా ఉంటుంది. ముక్కు నీడను బట్టి దీపం ఎటు నుంచి పడిందో తేల్చుకుని దాంతో పోల్చండి. నీడ కుదిరితే అది ముఖానిది, ముట్టుకోవద్దు. కుదరకపోతే తుడవండి. అప్పటికీ అనుమానం తీరకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. సాఫ్ట్‌వేర్‌లో ఆ బటన్ లేదు.

6. రబ్బరు దాచేసి మాస్కు తీయండి

ఇరేజర్ అనే పనిముట్టు ఉన్నట్టు మర్చిపోండి. చెరిపింది పోతుంది, మాస్కు వేసింది దాక్కుంటుంది. లేయర్‌కి మాస్కు పెట్టి నల్ల రంగుతో గీస్తే ఆ భాగం కనబడదు, తెల్ల రంగుతో గీస్తే మళ్లీ వస్తుంది, బూడిద రంగైతే సగం సగం. మొదటి రోజు తికమకగా ఉంటుంది. తప్పు లేయర్ మీద గీసేసి "ఇదేంటి, ముఖం మీద నల్లగా పడింది" అని కంగారుపడతారు. లేయర్ పక్కన రెండు చిన్న బొమ్మలుంటాయి, ఏది ఎంచుకున్నారో చూసుకోండి. గొడవంతా అక్కడే.

కళ్ల కింద ముడతలు మరీ ఎక్కువగా ఉన్నాయనిపించిందా? పూర్తిగా తీయకండి. తీసేసిన లేయర్ ఒపాసిటీని ముప్ఫై నలభై శాతానికి దించండి. మనిషి ఆ రోజు బాగా నిద్రపోయి వచ్చినట్టు ఉంటుంది, వేరే మనిషైపోడు.

7. చిరిగిపోయిన ముక్క, ఏఐ

2023 నుంచి ఫోటోషాప్‌లోనే జెనరేటివ్ ఫిల్ ఉంది. చుట్టూ గీత గీసి అడిగితే లేని భాగాన్ని కల్పించి ఇస్తుంది. వెనక తెర, నేల, కుర్చీ కాలు లాంటివాటికి నిక్షేపంగా వాడుకోండి. ముఖానికి వద్దని నా అభిప్రాయం. చిరిగిపోయిన కన్ను చోట అది పెట్టే కన్ను చాలా అందంగా ఉంటుంది, కానీ ఎవరిదో? అదే మనిషి ఇంకో ఫోటో దొరికితే అందులోంచి కన్ను తెచ్చి అతికించండి. దొరక్కపోతే రెండో కంటిని నకలు తీసి అద్దంలోలా తిప్పి, వెలుగు సరిచూసుకుని పెట్టండి. అదీ కుదరకపోతే చిరుగును అలాగే ఉండనివ్వండి. ఇంట్లోవాళ్లు ఏమీ అనుకోరు, చూడండి.

8. పేరు రాసేటప్పుడు వత్తులు

ఫోటో కింద పేరు వేయాలి. మన భాషకి మాత్రమే వచ్చే తిప్పలు ఇక్కడ మొదలవుతాయి. "శ్రీ" అని టైప్ చేస్తే శకారం ఒకచోట, రకారం ఒకచోట పడిందా? ఫాంటు తప్పనుకుని పది ఫాంట్లు మార్చకండి. పాత ఫోటోషాప్ వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోటికి వెళ్లి 'వరల్డ్-రెడీ లేఅవుట్' అని, మరికొన్నిట్లో 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' అని ఉన్నదాన్ని ఎంచుకుని, సాఫ్ట్‌వేర్ మూసి తెరవాలి. గింప్, ఇంక్‌స్కేప్‌లకి ఈ బాధ లేదు.

డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో కొట్టిచ్చిన మ్యాటర్ మీ దగ్గర పిచ్చి అక్షరాల్లా కనిపిస్తే, అది యూనికోడ్ కాకపోవడం వల్ల. మీరే యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేసుకోవడం మేలు. ఫాంట్లకి కొదవ లేదు: రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి, ఇలా చాలా తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏ ఫాంటు ఎంచుకున్నా ముందు "స్త్రీ", "జ్యోత్స్న" అని కొట్టి చూడండి. ఆ రెండూ నిలబడితే మిగతావి నిలబడతాయి. ఒక ఫోటో మీద ఒకే ఫాంటు. నీడలు, మెరుపులు, బంగారు అంచులు ఫ్లెక్సీలకి వదిలేద్దాం.

9. ప్రింటుకి పంపే ముందు

ఒక రాత్రి వదిలేయండి. పొద్దున కాఫీ తాగి, ఫోటోను ఎడమది కుడికి తిప్పి చూడండి. రాత్రి కనిపించని తప్పులన్నీ పలకరిస్తాయి. తర్వాత 4×6 ప్రింటు ఒకటి వేయించండి. తెర వెనక దీపం ఉంటుంది, కాగితం వెనక ఉండదు, అందుకే ప్రింటు మీరనుకున్నదానికంటే ముదురుగా వస్తుంది. పది రూపాయలో ఇరవయ్యో పెట్టి ఆ సంగతి ముందే తెలుసుకుంటే పెద్ద ప్రింటు డబ్బులు మిగులుతాయి. ల్యాబ్‌కి వాట్సాప్‌లో పంపాల్సొస్తే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే మీరు స్కానింగ్‌లో సంపాదించిన పిక్సెళ్లన్నీ దారిలోనే రాలిపోతాయి.

10. రంగు వేయాలని ఉందా?

పాత స్టూడియోల్లో నలుపు తెలుపు ప్రింట్ల మీద చేత్తో రంగులద్దేవాళ్లు. మీరు కొత్త లేయర్ తీసుకుని, దాని మోడ్‌ను 'కలర్'కి మార్చి, మెత్తటి బ్రష్షుతో వేయండి. గింప్‌లో 'ఎల్‌సీహెచ్ కలర్' అని ఉంటుంది. చీరకొక లేయర్, జాకెట్టుకొకటి, ఒంటి రంగుకొకటి, బొట్టుకొకటి. ఒంటికి ఒకే రంగు పూస్తే రబ్బరు బొమ్మవుతుంది. చెంపలు, చెవులు, వేళ్ల కణుపుల దగ్గర పిసరంత ఎరుపు కలపండి.

చీర రంగు ఊహించకండి. నలుపు తెలుపు ఫోటోలో ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిద రంగులోకి దిగిపోవచ్చు. ఫోటో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అడిగి తెలుసుకోవాల్సిందే.

నేను రెండోసారి తీసుకెళ్లిన ఫోటోకి రంగులు కూడా వేశాను. చీర ఎర్రంచు పసుపుపచ్చ పట్టు అని అమ్మ చెప్పింది. జాకెట్టు గురించి అడగడం మర్చిపోయి, పసుపుకి ఆకుపచ్చ నప్పుతుంది కదా అని వేసేశాను. చిన్నమ్మమ్మ ఈసారి కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. అక్క చెంప మీద మచ్చల దగ్గర వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

"ఇది మా అక్కే. కానీ ఆ జాకెట్టు ఆకుపచ్చ కాదురా, వంగపండు రంగు. అది నాది. ఆ రోజు నాది వేసుకెళ్లింది, మళ్లీ ఇవ్వలేదు."

ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంది. అక్కడే అరుగు మీద కూర్చుని జాకెట్టు లేయర్ తెరిచాను.